ఇంట గెలుపు, రచ్చ గెలుపు
(ఒక తెలుగు జట్టు 44 దినముల చరిత్ర)

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దల మాట. ఈ సామెతకు అర్థము చెప్పుమన్నచో మన ఆరవ తరగతివారు సైతము తడుముకొనక చెప్పుదురు. మొదట తనవారి నడుమ, తనకు తెలిసిన తావున నెగ్గవలెను. పిదప ఆ ధైర్యముతో పరస్థలమున నెగ్గవలెను. అయితే ఇల్లే లేనివాడు ఎచ్చట గెలువవలెను? వానికి ప్రతి తావును రచ్చయే కదా!

ఇది పరిహాసమునకు వేసిన ప్రశ్న కాదు. 2010వ సంవత్సరమున హైదరాబాదు పేరిట ఆడిన డెక్కన్ ఛార్జర్సు అను క్రికెట్టు జట్టునకు ఈ ప్రశ్న నిజముగనే ఎదురైనది. ఆ సంవత్సరము ఆ జట్టు పొందిన జయాపజయములను క్రమముగా పరిశీలించి, వానినుండి గ్రహింపదగిన లెక్కలను, నీతిని మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. పాఠశాల పత్రికలో క్రికెట్టు కథ ఏలయని ఎవరైన అడుగవచ్చును. అర్ధసంవత్సర పరీక్షల ఫలితములు వచ్చిన వారమున మా యొద్దకు వచ్చు పెద్దలు వేయు ప్రశ్నకు ఈ కథయందు కొంత సమాధానము కలదు. ఆ ప్రశ్న యేదో చివర చెప్పెదము.

1. జట్టు పుట్టుక

ఇండియన్ ప్రీమియర్ లీగు అను ఇరువది ఓవర్ల పోటీ 2008వ సంవత్సరమున ఆరంభమైనది. అప్పుడు ఎనిమిది జట్లు ఏర్పడెను. వానిలో హైదరాబాదుది డెక్కన్ ఛార్జర్సు. డెక్కన్ క్రానికల్ అను ఆంగ్లపత్రికను నడుపు సంస్థ దానికి యజమాని. ఇవి వృత్తి జట్లు; అనగా ఆటయే జీవనముగా గలవారు వేతనమునకు ఆడు జట్లు. ఇట్టి జట్టులో అందరును ఒక ఊరివారు కానక్కరలేదు. ఒక దేశమువారు సైతము కానక్కరలేదు.

మొదటి సంవత్సరమున ఈ జట్టు 14 ఆటలాడి రెండు మాత్రమే గెలిచి, ఎనిమిది జట్లలో ఎనిమిదవదిగా నిలిచెను. మరుసటి సంవత్సరమున మన దేశములో సార్వత్రిక ఎన్నికలు వచ్చినందున పోటీలు దక్షిణాఫ్రికాలో జరిగినవి. అచ్చట, ఆస్ట్రేలియా దేశీయుడగు ఆడం గిల్‌క్రిస్టు నాయకత్వమున, ఇదే జట్టు అంతిమ పోటీకి చేరెను. 2009 మే 24వ తేదీన జొహానెస్‌బర్గు నగరమున డెక్కన్ జట్టు 143 పరుగులు చేయగా, బెంగుళూరు జట్టు 137 పరుగులకడ ఆగిపోయెను. ఆరు పరుగుల తేడాతో కప్పు హైదరాబాదుది అయినది. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునని మనవారు అనుట ఊరకకాదు. కడపటి జట్టు ఒక్క సంవత్సరములో మొదటి జట్టయ్యెను.

2010లో ఆ జట్టుకూర్పు చూడదగినది. గిల్‌క్రిస్టు, సైమండ్సు ఆస్ట్రేలియావారు; గిబ్సు దక్షిణాఫ్రికావాడు; చమిందా వాసు సింహళదేశీయుడు. వేణుగోపాలరావు మన పొరుగుననున్న విశాఖపట్టణమువాడు. సుమన్ హైదరాబాదు క్రీడాకారుడు. రోహిత్ శర్మ నాగపురమున పుట్టి బొంబాయిలో ఆట నేర్చినవాడు. ఆతని తల్లిగారిది విశాఖపట్టణము. ఎడమచేతి బౌలరు ప్రజ్ఞాన్ ఓఝా జన్మస్థలము మన ఒడిశాయే. ఆతడు హైదరాబాదు పక్షమున ఆడి పేరు గడించెను. పలు భాషలవారు కలిసి ఒక్క ఊరి పేరు నిలుపుటకు పూనుకొనిరన్నమాట.

2. ఇల్లు లేని సంవత్సరము

ఈ పోటీలయందు ప్రతి జట్టును 14 ఆటలాడవలెను. ఏడు సొంత మైదానమున, ఏడు పరుల మైదానములందు. సొంత మైదానమున ఆడుటలో కొన్ని సౌకర్యములు గలవు. అచ్చటి నేల ఎప్పుడు ఎండి పగులునో, బంతి ఎంత ఎత్తు లేచునో, రాత్రి మంచు ఎంత కురియునో ఆ జట్టువారికి తెలిసియుండును. ప్రయాణపు అలసట ఉండదు. చూడవచ్చినవారిలో పలువురు తమవారై యుందురు.

2009 డిసెంబరునుండి ప్రత్యేక తెలంగాణ విషయమై ఆందోళనలు సాగుచుండినందున, రక్షణ కారణములచే 2010 సంవత్సరపు పోటీలు నాటి ఆంధ్రప్రదేశమునందు ఎచ్చటను జరుగలేదు. హైదరాబాదు జట్టునకు హైదరాబాదులో ఆడు భాగ్యము లేకపోయెను. దాని ఏడు సొంత ఆటలును మూడు పరాయి ఊళ్లకు పంచబడెను. నవీ ముంబయిలో రెండు, నాగపురములో మూడు, మన ఒడిశాలోని కటకమున బారాబతీ మైదానమునందు రెండు.

కటకము మనకు పరాయి ఊరు కాదు. అయినను అచ్చటికి చేరుట ఎట్లో ఒకసారి తలపుడు. కొరాపుట్, రాయగడల మీదుగా భువనేశ్వరమునకు పోవు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్సు పార్వతీపురము, విజయనగరము దాటి, మరల ఒడిశాలో ప్రవేశించును. మన రాజధానిని చేరుటకు మనము పొరుగు రాష్ట్రము గుండ పోవుచున్నాము. ఆ జట్టు తన సొంత ఆటలను ఆడుకొనుటకు పొరుగు రాష్ట్రమునకు వచ్చెను. ఏది ఇల్లు, ఏది పొరుగు అను విషయము గీతలు గీసి చెప్పునంత సులభము కాదని ఈ రెండు ప్రయాణములును తెలుపుచున్నవి.

3. పదునాలుగు ఆటలు

మార్చి 12న నవీ ముంబయిలో మొదటి ఆట. కలకత్తా జట్టుచేతిలో డెక్కన్ జట్టు 11 పరుగుల తేడాతో ఓడెను. గత సంవత్సరపు విజేత తొలినాడే తలవంచెను.

రెండు దినముల పిదప చెన్నపట్టణమున చెన్నై జట్టును 31 పరుగులతో ఓడించెను. అచ్చటినుండి కటకము వచ్చెను. మార్చి 19న పంజాబు జట్టుపై 6 పరుగులతోను, 21న ఢిల్లీ జట్టుపై 10 పరుగులతోను గెలిచెను. కటకమున ఆడిన రెండాటలును గెలుపులే. నాలుగు ఆటలకు మూడు విజయములు. గెలుపునకు 2 పాయింట్లు చొప్పున 6 పాయింట్లు చేరినవి.

పిమ్మట పతనము ఆరంభమైనది. మార్చి 26న అహమ్మదాబాదులో రాజస్థాను జట్టుచేతిలో 8 వికెట్ల ఓటమి. 28న నవీ ముంబయిలో ముంబయి జట్టుచేతిలో 41 పరుగుల ఓటమి. ఏప్రిల్ 1న కలకత్తాలో 24 పరుగుల ఓటమి. 3న మరల ముంబయి జట్టుచేతిలో, ఈసారి వారి సొంత నగరమున, 63 పరుగుల ఓటమి. 5న నాగపురమున రాజస్థాను జట్టు 159 పరుగులు చేయగా, డెక్కన్ జట్టు 157కు చేరి నిలిచిపోయెను. రోహిత్ శర్మ 73 పరుగులు చేసియు జట్టును గట్టెక్కింపలేకపోయెను. తేడా రెండే పరుగులు! పదునొకండు దినములలో వరుసగా అయిదు ఓటములు. పాయింట్లు ఆరుకడనే నిలిచెను. ఇక మిగిలినవి అయిదు ఆటలు మాత్రమే.

ఆనాడు ఎవరైన లెక్కవేసినచో ఏమని యుందురు? తొమ్మిది ఆటలకు మూడు గెలుపులు. ఈ జట్టు పని ముగిసినదనియే అందురు. ఆ మాట అనుటకు ఆధారమును ఉన్నది. కాని ఆట ముగియలేదు.

ఏప్రిల్ 8న బెంగుళూరులో బెంగుళూరు జట్టుపై 7 వికెట్ల విజయము. సుమన్ 78 పరుగులతో అజేయుడుగా నిలిచెను. 10న నాగపురమున చెన్నై జట్టుపై 6 వికెట్ల విజయము. 12న అదే మైదానమున బెంగుళూరు జట్టుపై 13 పరుగుల విజయము. 16న హిమాలయ పాదముననున్న ధర్మశాలలో పంజాబు జట్టుపై 5 వికెట్ల విజయము. 18న ఢిల్లీలో ఢిల్లీ జట్టుపై 11 పరుగుల విజయము. మొదటి ఆటలో ఎన్ని పరుగులతో ఓడెనో, పదునాలుగవ ఆటలో సరిగా అన్ని పరుగులతోనే గెలిచెను.

అయిదు ఓటములకు పట్టినవి పదునొకండు దినములు. అయిదు గెలుపులకు పట్టినవియు పదునొకండు దినములే. వాని నడుమ ఉన్నవి రెండు దినములు మాత్రమే. నాయకుడు మారలేదు. యజమాని మారలేదు. ఇల్లు దొరకలేదు.

4. అంకెలు చెప్పు సంగతి

ఇప్పుడు పలకయు బలపమును పట్టుకొని కొన్ని లెక్కలు చూతము.

మొదటిది: సొంత ఆటలుగా లెక్కకు వచ్చిన ఏడింటిలో గెలిచినవి నాలుగు, ఓడినవి మూడు. పరుల మైదానములందలి ఏడింటిలో గెలిచినవి నాలుగు, ఓడినవి మూడు. సరిసమానము! ఇల్లు లేనందున ఇంటి బలము లేకపోవచ్చును. కాని రచ్చ భయమును లేకపోయెను. అన్నియు పరాయి తావులే యైనప్పుడు, ఏ తావును ప్రత్యేకముగా పరాయిది కాజాలదు.

రెండవది: పరుగుల తేడాతో గెలిచిన ఆటలు అయిదు. ఆ తేడాలు 31, 6, 10, 13, 11. మొత్తము 71. పరుగుల తేడాతో ఓడిన ఆటలును అయిదే. ఆ తేడాలు 11, 41, 24, 63, 2. మొత్తము 141. అనగా ఈ జట్టు గెలిచినపుడు కొద్దిగా గెలిచెను. ఓడినపుడు బాగుగా ఓడెను. అయినను పాయింట్ల పట్టికయందు 6 పరుగుల గెలుపునకును 2 పాయింట్లే, 31 పరుగుల గెలుపునకును 2 పాయింట్లే. 63 పరుగుల ఓటమికిని సున్నయే, 2 పరుగుల ఓటమికిని సున్నయే.

మూడవది: పాయింట్లు సమానమైనపుడు మాత్రము పరుగుల తేడా లెక్కకు వచ్చును. ఒక జట్టు ఓవరునకు సగటున చేసిన పరుగులనుండి, ఎదుటివారు తనపై ఓవరునకు సగటున చేసిన పరుగులను తీసివేయవలెను. మిగిలినది ధనసంఖ్యయైన మేలు, ఋణసంఖ్యయైన కీడు. పెద్ద ఓటములవలన డెక్కన్ జట్టునకు ఇది ఋణసంఖ్యయే.

పదునాలుగు ఆటలు ముగియునప్పటికి ముంబయికి 20 పాయింట్లు, డెక్కన్‌కు 16. చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ, కలకత్తా జట్లు నాలుగింటికిని 14 చొప్పున వచ్చినవి. మొదటి నాలుగు జట్లే ముందునకు పోవును. ఇపుడు ఏప్రిల్ 18 నాటి ఆటను తలపుడు. ఆ 11 పరుగులు ఢిల్లీవైపు మొగ్గియున్నచో ఢిల్లీకి 16, డెక్కన్‌కు 14 అగును. అప్పుడు ఋణసంఖ్యతో నున్న డెక్కన్ జట్టు చెన్నై, బెంగుళూరు జట్లకు వెనుకబడి ఇంటిదారి పట్టవలసి వచ్చెడిది. నలువది ఓవర్ల ఆటలో పదునొకండు పరుగులు ఎంత? ఒక ఓవరులో రాగల పరుగులు. అయిదు వరుస గెలుపులలో ఏ ఒక్కటి తగ్గినను ఇదే గతి. ఒక్క ఆట అలక్ష్యము చేసిన తీరినది కాదు.

5. చివరి రెండు ఆటలు

కథను ఇచ్చట ఆపినచో వినుటకు ఇంపుగా నుండును. కాని అది నిజము కాదు. ఏప్రిల్ 22న నవీ ముంబయిలో జరిగిన సెమీఫైనలునందు చెన్నై జట్టు 142 పరుగులు చేసెను. ఈ సంవత్సరముననే చెన్నైని రెండుమార్లు ఓడించిన డెక్కన్ జట్టు 104 పరుగులకే కూలి, 38 పరుగుల తేడాతో ఓడెను. 24న మూడవ స్థానమునకై బెంగుళూరు జట్టుతో జరిగిన ఆటలో 82 పరుగులకే అందరును వెనుదిరిగిరి. 9 వికెట్ల ఓటమి. ఆ ఆటలో గెలిచినవారికి ఛాంపియన్స్ లీగు అను అంతర్జాతీయ పోటీలో స్థానము లభించెను. డెక్కన్ జట్టునకు అదియు దక్కలేదు.

మొత్తము 44 దినములు, 16 ఆటలు, 8 గెలుపులు, 8 ఓటములు. ప్రజ్ఞాన్ ఓఝా 21 వికెట్లు తీసి, ఆ సంవత్సరము అందరికంటె ఎక్కువ వికెట్లు తీసిన బౌలరుగా ఊదారంగు టోపీని పొందెను. కప్పు మాత్రము ఏప్రిల్ 25న ముంబయిని 22 పరుగులతో ఓడించిన చెన్నైకి పోయెను. పట్టికలో మొదటిదైన ముంబయికి రాలేదు. రెండవదైన డెక్కన్‌కు రాలేదు. పదునాలుగింట ఏడే గెలిచిన చెన్నైకి వచ్చెను.

డెక్కన్ ఛార్జర్సు జట్టు పిమ్మట చిరకాలము నిలువలేదు. 2012 సెప్టెంబరులో క్రికెట్టు బోర్డు దాని ఒప్పందమును రద్దుచేసెను. 2013నుండి హైదరాబాదు పేరిట సన్‌రైజర్సు అను మరియొక జట్టు ఆడుచున్నది; అది 2016లో కప్పును గెలిచినది.

6. మన బడికి దీనితో నేమి పని?

ఇక మేము మొదట చెప్పిన ప్రశ్నకు వత్తము. అర్ధసంవత్సర పరీక్షల ఫలితములు వచ్చినపిమ్మట కొందరు తలిదండ్రులు వచ్చి, "అయ్యా! మావాడికి ఒడియాలో మార్కులు తగ్గినవి. ఆంగ్లమును అంతంతమాత్రమే. తెలుగు మాధ్యమమునుండి తీసివేసి వేరొక బడిలో చేర్పింతుమా?" అని అడుగుదురు. వారి భయమును మేము తేలికగా తీసివేయజాలము. ఈ రాష్ట్రమున బ్రతుకదలచిన పిల్లవానికి ఒడియా చక్కగా రావలెను. పై చదువులకు ఆంగ్లము కావలెను. ఇంటిలో తెలుగు, అంగడిలో ఒడియా, కొండదిగి వచ్చు స్నేహితులతో కువి లేక దేశియా. ఇన్ని భాషల నడుమ పెరుగు బాలునికి ఒక్కొక్కప్పుడు ప్రతి తావును పరాయిదిగనే తోచును. మేమును ఉపాధ్యాయ శిక్షణము పొరుగు రాష్ట్రమున పొంది ఇచ్చటికి వచ్చినవారమే. ఆ తికమక ఎట్టిదో ఎరుగుదుము.

అయినను మేము చెప్పు మాట ఇది. తొమ్మిదవ ఆట నాడు జట్టును రద్దుచేయకుడు. ఏడాది నడుమ బడి మార్చిన పిల్లవాడు ఓడిన పాఠములను దిద్దుకొనడు. వానికి తోడు కొత్త పాఠములను తలకెత్తుకొనును. మార్పు తప్పనిసరి యని తోచినచో, సంవత్సరాంతమున మొత్తము పట్టికను ముందుంచుకొని, పిల్లవానిని కూడ అడిగి, నిర్ణయింపుడు.

అంతలో చేయదగిన పని యొకటి కలదు. మార్కుల పత్రమున ఓటములను మాత్రము లెక్కింపక, ఓటమి తేడాను చూడుడు. రెండు మార్కులతో తప్పిన పాఠము వేరు. ముప్పది మార్కులతో తప్పిన పాఠము వేరు. రెండు పరుగులతో ఓడినవాడు ఆడుట ఎరుగనివాడు కాడు. ఒక తప్పును దిద్దుకొన్న చాలును. అట్టివానికి చేతివ్రాత, అక్షరదోషములు, ప్రశ్నను సరిగా చదువుట మొదలగు చిన్న విషయములు చాలును. అరువది మూడు పరుగులతో ఓడినవానికి మాత్రము పునాదినుండి పని కావలెను. ఒడియాలో మిక్కిలి వెనుకబడిన బాలుని సాయంకాలము అరగంట ఒడియా చదువు పొరుగుబిడ్డతో కూర్చుండబెట్టుడు. దానికి బదులుగా మీ బిడ్డ ఆ బిడ్డకు లెక్కలు చెప్పవచ్చును. ఆ జట్టులో సింహళదేశీయుడును విశాఖవాడును ఒడిశాలో పుట్టినవాడును ఒక్కచోట ఆడిరి. ఒక వీథిలోని ఇద్దరు బాలురు కలిసి చదువలేరా?

విద్యార్థులారా! మీకును ఒక మాట. కష్టపడినవానికి కప్పు తప్పక వచ్చునని మేము చెప్పుట లేదు. డెక్కన్ జట్టునకు రాలేదు. కాని తొమ్మిదవ ఆట పిమ్మట చేతులు ముడుచుకొన్నచో ఆ జట్టు సెమీఫైనలు మెట్టును ఎక్కియుండెడిది కాదు. కప్పు ఒక్కరికే వచ్చును. మెట్టు ఎక్కుట పలువురికి సాధ్యము. ఇక ఇల్లు, రచ్చ అను భేదమును గూర్చి విచారింపకుడు. తెలుగు మీ ఇల్లు. ఒడియా పలుకు ఈ నేలయు మీ ఇల్లే. రెండిండ్లు గలవారు రెంటను గెలువవలసియుండును, అది భారమే. కాని రెండు వాకిళ్లును మీకు తెరచియున్నవని మరువకుడు.

అభ్యాసము

1. "ఇంట గెలిచి రచ్చ గెలువుము" అను సామెతను డెక్కన్ ఛార్జర్సు జట్టునకు అన్వయించి పది పంక్తులు వ్రాయుడు.
2. పరుగుల తేడాతో గెలిచిన అయిదు ఆటల సగటు తేడాను, ఓడిన అయిదు ఆటల సగటు తేడాను కనుగొనుడు. ఈ రెండు సగటులనుండి మీరు గ్రహించినదేమి?
3. అడ్డుగీతపై ఆటల సంఖ్యను, నిలువుగీతపై పాయింట్లను గుర్తించి 14 ఆటల రేఖాచిత్రము గీయుడు. రేఖ ఎచ్చట సమతలముగా నుండెను? ఎచ్చట నిటారుగా లేచెను?
4. భారతదేశ పటమున ఆ జట్టు ఆడిన పది నగరములను గుర్తింపుడు: నవీ ముంబయి, చెన్నై, కటకము, అహమ్మదాబాదు, కలకత్తా, ముంబయి, నాగపురము, బెంగుళూరు, ధర్మశాల, ఢిల్లీ. మీ ఊరినుండి కటకమునకు పోవు రైలుమార్గమును గీయుడు.
5. మీ అర్ధసంవత్సర పరీక్షల మార్కుల పత్రమును తీసికొని, ప్రతి పాఠ్యాంశమునందును మీరు కోరుకొన్న మార్కులకును వచ్చిన మార్కులకును గల తేడాను వ్రాయుడు. అన్నిటికంటె చిన్న తేడా దేనిలో ఉన్నదో దానితో ఈ వారము పని ఆరంభింపుడు. ఈ పత్రమును ఇంటిలో పెద్దలకు చూపి, వారి సంతకముతో తరగతికి తీసికొనిరండు.